షెవర్లే సి-10 పికప్ ముందు భాగం దించాలంటే ఏ కాయిల్ స్ప్రింగులు తీసుకోవాలి?

నాగావళి (రాయగడ):
సభ్యులందరికీ నమస్కారం. మా పెదనాన్న గారు ఒకప్పుడు వేలంలో కొన్న 1968 నాటి షెవర్లే సి-10 పికప్ ఇప్పుడు నా చేతికి వచ్చింది. తొట్టి పొడుగుది, చక్రాల మధ్య దూరం 127 అంగుళాలు. కంపెనీ అమర్చిన ఆరు సిలిండర్ల 250 ఘనపు అంగుళాల పెట్రోలు ఇంజను ఏనాడో పోయి, ఆ స్థానంలో నాలుగు సిలిండర్ల డీజిలు ఇంజను కూర్చుంది. బాడీ పని, రంగు పూర్తయ్యాయి. ముందు భాగం రెండు అంగుళాలు కిందికి దిగితే బండికి అందం వస్తుందని నా కోరిక.

అమెరికాలో ఈ బండికి విడిభాగాలు అమ్మేవారి జాబితాలు చూశాను. ఒక అంగుళం, రెండు అంగుళాలు, మూడు అంగుళాలు దించే స్ప్రింగులంటూ వేర్వేరుగా ఉన్నాయి. వాటిలో మళ్లీ ఆరు సిలిండర్ల ఇంజనుకు, స్మాల్ బ్లాక్ వీ8కు (ఎనిమిది సిలిండర్లలో తేలికది), బిగ్ బ్లాక్ వీ8కు (బరువైనది) అంటూ విభాగాలున్నాయి. నా డీజిలు ఇంజను ఏ విభాగంలోకి వస్తుందో తెలియడం లేదు. డ్రైవరు వైపు ఇప్పటికే కుడి వైపు కంటే అర అంగుళం కిందికి ఉన్నట్టు కనిపిస్తోంది. తెలిసినవారు దారి చూపగలరు.

జయపురం గ్యారేజీ:
ఇంత చిన్న పనికి అమెరికా నుంచి స్ప్రింగులు ఎందుకండీ? ఉన్న స్ప్రింగులోనే ఒక చుట్టు కోయించండి, రెండు అంగుళాలు దిగుతుంది. మా దగ్గర పాత జీపులకు, కార్లకు అందరూ చేయించేది అదే. మరీ దిగిందనిపిస్తే చుట్ల మధ్య రబ్బరు బఫర్లు పెట్టించుకుంటే సరిపోతుంది. కస్టమ్స్ సుంకం కట్టి, నెలల తరబడి ఎదురుచూసి తెప్పించుకోవడం నాకు అనవసర వ్యయంగానే తోస్తోంది.

బరంపురం ఇంజనీరు:
జయపురం వారు చెప్పిన రెండు అంగుళాల లెక్క ఈ బండికి ఇంచుమించు నిజమే కావచ్చు, కానీ అది ఎందుకు నిజమో తెలియకుండా రంపం పట్టడం మంచిది కాదు. అంతకంటే ముందు నాగావళి గారు తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటుంది. మీకు కావలసిన రెండు అంగుళాలు ఎక్కడి నుంచి? కంపెనీ నుంచి వచ్చినప్పటి ఎత్తు నుంచా, ఇప్పుడు మీ వాకిట్లో నిలబడి ఉన్న ఎత్తు నుంచా? జాబితాలో 'రెండు అంగుళాలు' అని రాసినవాడు ఒక నిర్దిష్టమైన ఇంజను బరువును మనసులో పెట్టుకుని, కంపెనీ ఎత్తు నుంచి లెక్కగట్టి ఆ మాట రాశాడు. మీ బండిలో ఆ ఇంజనే లేదు.

1963 నుంచి సి-10 ముందు చక్రాలకు పైనా కిందా ఆర్ములు, వాటి మధ్య కాయిల్ స్ప్రింగు ఉంటాయి. అంతకు ముందు మూడేళ్లూ టార్షన్ బారులు (మెలితిరిగి స్ప్రింగులా పనిచేసే కడ్డీలు) ఉండేవి. స్ప్రింగు కింది ఆర్ము మీద, లోపలి పివట్‌కూ (ఆర్ము చాసీ దగ్గర తిరిగే చోటు), చక్రం వైపు ఉండే బాల్ జాయింట్‌కూ నడుమ ఎక్కడో కూర్చుంటుంది. అందువల్ల చక్రం కదిలినంత స్ప్రింగు కదలదు. పివట్ నుంచి స్ప్రింగు మధ్యకు ఉన్న దూరాన్ని, పివట్ నుంచి బాల్ జాయింట్‌కు ఉన్న దూరంతో భాగిస్తే వచ్చేదే కదలిక నిష్పత్తి. అది సగం అనుకుందాం. అప్పుడు నిలబడిన బండిలో స్ప్రింగు ఒక అంగుళం పొట్టిగా ఉంటే చక్రం దగ్గర బండి రెండు అంగుళాలు దిగుతుంది. స్ప్రింగు మోయవలసిన భారం చక్రం మీది భారానికి రెట్టింపు అవుతుంది. చక్రం దగ్గర అనుభవానికి వచ్చే గట్టిదనం మాత్రం నిష్పత్తి వర్గాన్ని బట్టి స్ప్రింగు గట్టిదనంలో నాలుగో వంతే ఉంటుంది.

ఈ లెక్కలో ఇంజను బరువు ఎంత పని చేస్తుందో చూడండి. స్ప్రింగు గట్టిదనం మిల్లీమీటరుకు 60 న్యూటన్లు అనుకుంటే చక్రం దగ్గర అది 15 అవుతుంది. మీ డీజిలు ఇంజను పాతదానికన్నా 80 కిలోలు బరువెక్కువై, ఆ భారమంతా ముందు ఇరుసు మీదే పడిందనుకుంటే, ఒక్కో చక్రానికి 40 కిలోలు, అంటే దాదాపు 390 న్యూటన్లు. దాన్ని 15తో భాగిస్తే 26 మిల్లీమీటర్లు. అంటే ఎవరూ ఏమీ కోయకుండానే మీ బండి ఒక అంగుళం దిగిపోయి ఉండవచ్చు. దాని మీద ఆరు సిలిండర్ల విభాగంలోని 'రెండు అంగుళాల' స్ప్రింగు వేస్తే కంపెనీ ఎత్తు నుంచి మూడు అంగుళాలు దిగుతుంది. భయపడి బిగ్ బ్లాక్ స్ప్రింగు వేస్తే అసలు దిగకపోనూవచ్చు. కాబట్టి జాబితా మూసిపెట్టి, ముందుగా బండిని కాటా ఎక్కించండి.

మహేంద్రతనయ (పర్లాకిమిడి):
స్ప్రింగుల సంగతి పెద్దలు చూసుకుంటారు, నేను కాగితాల గురించి ఒక మాట చెబుతాను. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు మొదట నిర్దేశించిన వాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. స్ప్రింగు గురించి ఆ పత్రంలో ఏమీ ఉండదు, ఇంజను గురించి మాత్రం ఉంటుంది. డీజిలు ఇంజను పత్రంలోకి ఎక్కిందో లేదో ముందుగా చూసుకోండి. 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ నిబంధనల కింద, మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటిన బండికి 20,000 రూపాయల రుసుముతో ప్రత్యేక నంబరు వస్తుంది. అయితే బండి అసలు రూపంలోనే ఉండాలి, చాసీకి గాని బాడీకి గాని ఇంజనుకు గాని పెద్ద మార్పు జరిగి ఉండకూడదు. ఇంజను మారిన బండికి ఆ దారి కష్టమే. ఆ దారిన వెళ్లినా నిత్యం తిప్పుకోవడానికి గాని, కిరాయికి గాని అనుమతి ఉండదు.

నాగావళి (రాయగడ):
ధన్యవాదాలు. ఇంజను మార్పు మా పెదనాన్న గారి కాలంలోనే పత్రంలో నమోదైంది. వింటేజ్ నంబరు ఆలోచన నాకు లేదు.

సాలూరు కమాన్ల కొట్టు:
మా పని ముఖ్యంగా లారీ కమాన్లే (పట్టీల స్ప్రింగులే) అయినా, కాయిల్ స్ప్రింగులు కూడా చూశాను కనుక చెబుతున్నాను. చుట్టు కోయడం పాపమేమీ కాదు. ఎక్కడ, ఎలా కోస్తారన్నదే విషయం. స్ప్రింగు చివర పంది తోకలా లోపలికి ముడుచుకుని ఉంటే దాన్ని కోయకూడదు, ఆ చివర గిన్నెలో సరిగ్గా కూర్చోవడానికే అలా చుడతారు. చివర మామూలుగా, చుట్టు వాలుతోనే ఆగిపోయి ఉంటే కోయవచ్చు. అది కూడా సన్నని కటింగ్ చక్రంతో, నీళ్లు చల్లుతూ కోయాలి. గ్యాసు మంటతో కోస్తే ఆ చివర ఉక్కుకు ఇచ్చిన టెంపరు పోతుంది. కొందరు స్ప్రింగును బండిలోనే ఉంచి, మంటతో ఎర్రగా కాల్చి, బండి బరువుకే కుంగనిస్తారు. అలా చేసిన బండి నా కొట్టుకు వచ్చింది. ఎడమకూ కుడికీ ఎత్తు కలవక, చివరికి ఒక స్ప్రింగు ఘాటు దిగుతుండగా విరిగిపోయి తిరిగి వచ్చింది.

డ్రైవరు వైపు అర అంగుళం తగ్గుదల ఉందన్నారు కదా. స్ప్రింగును నిందించే ముందు టైర్లలో గాలి, ఆర్ముల బుష్‌లు, బాల్ జాయింట్లు, స్ప్రింగు పైన కూర్చునే గిన్నె చూడండి. నేల నుంచి కొలవకుండా చక్రం నడిమి బిందువు నుంచి మడ్‌గార్డు అంచుకు కొలవండి, అప్పుడు టైరు తేడా లెక్కలోకి రాదు.

జయపురం గ్యారేజీ:
మేస్త్రీ గారు చెప్పిన మంట పద్ధతిని నేనూ సమర్థించను. కానీ బఫర్ల గురించి ఎవరూ మాట్లాడలేదు. వాటివల్ల నష్టమేమిటి?

బరంపురం ఇంజనీరు:
బఫరు ఇరికించిన చోట రెండు చుట్లు ఒకదానికొకటి దాదాపు అతుక్కుపోయినట్టవుతాయి. అంటే పనిచేసే చుట్ల సంఖ్య ఒకటి తగ్గుతుంది, మిగతా చుట్ల మీద ఒత్తిడి పెరుగుతుంది, బండి లేస్తుంది. దించడానికి చుట్టు కోసి, లేపడానికి బఫరు పెడితే గట్టిదనం రెండు సార్లు పెరిగి, ఎత్తు మాత్రం మొదటికి వస్తుంది.

కోత లెక్క కూడా చెబుతాను. కాయిల్ స్ప్రింగు గట్టిదనం తీగ మందం నాలుగో ఘాతంతో పెరుగుతుంది, చుట్టు సగటు వ్యాసం మూడో ఘాతంతోనూ పనిచేసే చుట్ల సంఖ్యతోనూ తగ్గుతుంది. ఎనిమిది చుట్లు పనిచేస్తున్న చోట ఒకటి తీస్తే గట్టిదనం ఏడో వంతు, అంటే 14 శాతం పెరుగుతుంది. చుట్టుకూ చుట్టుకూ దూరం 45 మిల్లీమీటర్లైతే, కోసిన తరువాత ఖాళీ స్ప్రింగు 45 మిల్లీమీటర్లు పొట్టిదవుతుంది. కానీ గట్టిపడింది కనుక భారానికి తక్కువ కుంగి, అందులో 18 మిల్లీమీటర్లు తిరిగి ఇచ్చేస్తుంది. మిగిలిన 27 మిల్లీమీటర్లు చక్రం దగ్గర 54 అవుతాయి. జయపురం వారి రెండు అంగుళాలు వచ్చింది ఇక్కడి నుంచే. నిష్పత్తి వేరుగా ఉన్న బండిలో, లేదా తీగ సన్నగా ఉన్న బండిలో అదే కోత ఒక అంగుళమే ఇవ్వవచ్చు, మూడూ ఇవ్వవచ్చు.

వంశధార (గుణుపురం):
నాదొక సందేహం. డ్రాప్ స్పిండిల్ (చక్రం తిరిగే ఇరుసు మామూలుకన్నా పైన ఉండే భాగం) వేస్తే స్ప్రింగు ముట్టుకోకుండానే రెండున్నర అంగుళాలు దిగుతుందని చదివాను. అదే మేలు కాదా?

బరంపురం ఇంజనీరు:
పద్ధతిగా చూస్తే అదే మేలు. ఆ స్పిండిల్ మీద చక్రం ఇరుసు పైకి జరిగి ఉంటుంది కనుక ఆర్ముల వాలు, స్ప్రింగు, బంప్ స్టాప్‌కు (ఆర్ము మరీ పైకి లేవకుండా ఆపే రబ్బరు దిమ్మకు) ఉండే ఖాళీ ఏవీ మారవు. అయితే 1968 బండికి ముందు డ్రమ్ము బ్రేకులు, ఆరు బోల్టుల చక్రాలు ఉంటాయి. దొరికే డ్రాప్ స్పిండిళ్లు ఎక్కువగా డిస్కు బ్రేకులకు సరిపడేవి. సి-10కు డిస్కులు కంపెనీ నుంచే రావడం, చక్రాలకు ఐదు బోల్టులు రావడం 1971లో మొదలైంది. కాబట్టి ఆ దారిలో వెళ్తే స్పిండిల్‌తో పాటు బ్రేకులు, మాస్టర్ సిలిండరు, చక్రాలు కూడా చర్చకు వస్తాయి. మూడు అంగుళాలకు మించి దించదలచుకున్నవారికి నేను అదే సలహా ఇస్తాను. ఒకటి రెండు అంగుళాలకు స్ప్రింగు చాలు.

నాగావళి (రాయగడ):
కొలతలు తీశాను. ఇక్కడ కాగితం మిల్లు దారిలో వేబ్రిడ్జీలకు కొదువ లేదు కనుక కాటా సులువుగానే దొరికింది. ఈ మోడల్లో డీజిలు ట్యాంకు క్యాబిన్‌లో సీటు వెనుకే ఉంటుంది కాబట్టి, దాన్ని నింపి, ముందు చక్రాలు మాత్రం కాటా మీద ఉంచి తూచాము. 1,040 కిలోలు వచ్చింది. కదలిక నిష్పత్తి దాదాపు సగమే. ఇప్పుడున్న స్ప్రింగు తీగ మందం 17 మిల్లీమీటర్లు, చుట్టు సగటు వ్యాసం 120, పనిచేసే చుట్లు ఎనిమిది. బండి నేల మీద నిలబడి ఉండగా గిన్నెల మధ్య స్ప్రింగు పొడవు 280 మిల్లీమీటర్లు. డ్రైవరు వైపు తగ్గుదలకు కారణం మేస్త్రీ గారు ఊహించినట్టు కింది ఆర్ము బుష్‌లే. రబ్బరు పూర్తిగా నలిగిపోయి ఉంది.

ఇప్పుడున్న ఎత్తు నుంచి ఇంకో అంగుళం చాలనిపిస్తోంది. ఘాటు రోడ్డు మీద, ఊళ్లలో స్పీడు బ్రేకర్ల మీద నిత్యం తిప్పే బండి ఇది.

బరంపురం ఇంజనీరు:
ఇంత శ్రద్ధగా కొలిచి ఇచ్చినందుకు సంతోషం. మీ కొలతలకు స్ప్రింగు ఉక్కు మెలికను తట్టుకునే గుణకం చదరపు మిల్లీమీటరుకు 79,000 న్యూటన్లు వేసి చూస్తే ఇప్పుడున్న గట్టిదనం 60 న్యూటన్లకు అటూ ఇటూగా వస్తోంది. స్ప్రింగు వయసుతో పొడవు కోల్పోతుంది గాని గట్టిదనం కోల్పోదు కనుక ఈ సంఖ్యను నమ్మవచ్చు.

1,040 కిలోల్లో చక్రాలు, బ్రేకులు, ఆర్ముల బరువు స్ప్రింగు మోయదు. దానికి 120 తీసేస్తే 920, ఒక్కో వైపుకు 460 కిలోలు. చక్రం దగ్గర అది 4,510 న్యూటన్లు, స్ప్రింగు మీద దాదాపు 9,000. ఇప్పటి స్ప్రింగు ఆ భారానికి 150 మిల్లీమీటర్లు కుంగి 280 దగ్గర నిలిచింది, కాబట్టి దాని ఖాళీ పొడవు 430 ఉండాలి. విప్పినప్పుడు కొలిచి సరిచూడండి. పది మిల్లీమీటర్లకు మించి తేడా వస్తే నా 120 కిలోల అంచనా తప్పని అర్థం.

మీకు చక్రం దగ్గర ఒక అంగుళం కావాలి, స్ప్రింగు దగ్గర అది 13 మిల్లీమీటర్లు. అంటే 9,000 న్యూటన్ల కింద 267 పొడవుండే స్ప్రింగు కావాలి. గట్టిదనం అలాగే ఉంచవచ్చు గానీ, బంప్ స్టాప్‌కు ఉన్న ఖాళీలో ఒక అంగుళం ఇప్పుడే ఖర్చయిపోతోంది. మిగిలిన ఖాళీలోనే గుంతలన్నీ తీరాలి కనుక కొంత గట్టిపరచడం న్యాయం. 80 తీసుకుందాం. తీగ 18 మిల్లీమీటర్లు, పనిచేసే చుట్లు ఏడున్నర, వ్యాసం అదే 120 అయితే 80 వస్తుంది. తీగ ఒక్క మిల్లీమీటరు పెరిగినందుకే గట్టిదనం 26 శాతం పెరగడం గమనించండి. ఆ స్ప్రింగు 9,000 న్యూటన్లకు 113 మిల్లీమీటర్లు కుంగుతుంది కాబట్టి ఖాళీ పొడవు 380. బండి ఊగే వేగం సెకనుకు 0.9 సార్ల నుంచి 1.05 సార్లకు పెరుగుతుంది. ప్రయాణం కాస్త బిగువుగా ఉంటుంది, ఎముకలు కదిలేంత కాదు.

ఖాళీ స్ప్రింగు 50 మిల్లీమీటర్లు పొట్టిదైనా బండి దిగేది 25 మాత్రమేనని చూస్తున్నారు కదా. కొట్లో రెండు స్ప్రింగులు పక్కపక్కన నిలబెట్టి పొట్టిదాన్ని ఎంచుకునేవారు ఎక్కువగా పొరబడేది ఇక్కడే.

జయపురం గ్యారేజీ:
లెక్క ఒప్పుకుంటున్నాను. అయినా స్పీడు బ్రేకర్ల సంగతి ఏం చేస్తారు? ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ (రోడ్ల ప్రమాణాలు నిర్ణయించే సంస్థ) నియమం ప్రకారం బ్రేకరు ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు ఉండాలి. మా వైపు ఊళ్లలో వేసినవి దాదాపు గోడలే.

నాగావళి (రాయగడ):
ముందు క్రాస్ మెంబరు (చాసీ అడ్డ దూలం) కింద ఇప్పుడు ఎనిమిదిన్నర అంగుళాలున్నాయి, ఏడున్నర మిగులుతాయి. అందుకే రెండు అంగుళాల ఆశ వదులుకున్నాను. ఈ స్ప్రింగు ఇక్కడే చుట్టించవచ్చా, సాలూరు వారు చెప్పగలరా?

సాలూరు కమాన్ల కొట్టు:
చుట్టించవచ్చు, కానీ ఎవరు పడితే వారి దగ్గర కాదు. 18 మిల్లీమీటర్ల కడ్డీని చల్లగా చుట్టరు, ఎర్రగా కాల్చి చుట్టాలి. చుట్టాక నూనెలో చల్లార్చి, మళ్లీ తగినంత వేడిచేసి టెంపరు తేవాలి. ఆపైన స్ప్రింగును చుట్లు తాకేదాకా కొన్నిసార్లు నొక్కి వదలాలి. ఆ నొక్కుడు ఎగ్గొడితే తరువాత బండి కిందే అది కుంగుతుంది. కడ్డీ ఈఎన్ 47 రకం, అంటే క్రోమ్ వెనేడియం ఉక్కు అడగండి. కమాన్లకు వాడే ఈఎన్ 45తో కూడా చేస్తారు, తప్పు లేదు. విశాఖ ఆటోనగర్ వైపు ఇలాంటి పని చేసేవారున్నారు.

ఆర్డరు ఇచ్చేటప్పుడు 'ఒక అంగుళం దించే స్ప్రింగు' అని చెప్పవద్దు. 267 మిల్లీమీటర్ల పొడవు దగ్గర 9,000 న్యూటన్లు, అంటే సుమారు 920 కిలోలు మోయాలని కాగితం మీద రాసివ్వండి. పాత స్ప్రింగు చివరల ఆకారం చూపించండి. రెండింటినీ ప్రెస్సు మీద పెట్టి ఆ పొడవు దగ్గర బరువు చూపించమనండి. రెండింటి మధ్య 15 కిలోలకు మించి తేడా ఉంటే తీసుకోవద్దు.

విప్పేటప్పుడు జాగ్రత్త. నిలబడిన బండిలో ఆ స్ప్రింగు దాచుకున్న శక్తి 70 కిలోల మనిషి మీటరు ఎత్తు నుంచి కింద పడినంత. కింది ఆర్ము కింద జాకీ ఉంచి, స్ప్రింగును గొలుసుతో చాసీకి కట్టి, బాల్ జాయింటు నట్టు పూర్తిగా తీయకుండా వదులు చేసి విడిపించాలి. బండి స్టాండ్ల మీద ఉండాలి. ఇటుకల మీద పెట్టి ఈ పని చేసేవారిని చూశాను, నా కొట్లో అయితే రానివ్వను.

వంశధార (గుణుపురం):
పాత షాక్ అబ్జార్బర్లే సరిపోతాయా?

బరంపురం ఇంజనీరు:
ఒక అంగుళానికి చక్రం దగ్గర మారేది తక్కువే. పూర్తిగా మూసుకున్నప్పటి షాకు పొడవు, బంప్ స్టాప్ తాకినప్పుడు దాని బిగింపు బిందువుల మధ్య దూరం కంటే తక్కువగా ఉంటే చాలు. లేకపోతే బంప్ స్టాప్ చేయవలసిన పని షాకు చేసి పగిలిపోతుంది. బంప్ స్టాప్ కోసి ఖాళీ పెంచుదామనే ఆలోచన మాత్రం పెట్టుకోవద్దు.

మరో రెండు మాటలు. కొత్త బుష్‌లు వేస్తున్నారు కదా, వాటి బోల్టులను చక్రాలు గాలిలో వేలాడుతుండగా బిగించవద్దు. బండిని నేల మీద దించి, దాని బరువు మీద నిలబెట్టాకే బిగించాలి. లేకపోతే రబ్బరు ఎప్పుడూ మెలితిరిగి ఉండి, బండిని అర అంగుళం లేపి ఉంచి, త్వరగా చిరిగిపోతుంది. రెండోది, ముందు మాత్రమే దిగితే బండి ముందుకు వాలి క్యాస్టరు (పక్క నుంచి చూస్తే చక్రం తిరిగే ఇరుసు వెనక్కి వాలిన కోణం) తగ్గుతుంది. మీ 127 అంగుళాల బండికి 25 మిల్లీమీటర్లంటే అర డిగ్రీకి కాస్త తక్కువ. క్యాంబరు (ముందు నుంచి చూస్తే చక్రం వాలు), టో (పై నుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండటం) కూడా మారతాయి. కొత్త స్ప్రింగులు మొదటి కొన్ని వందల కిలోమీటర్లలో కొంచెం కుదురుకుంటాయి కనుక, వేసిన రోజున టో మాత్రం సరిచేయించి, కుదురుకున్నాక పూర్తి అలైన్‌మెంటు చేయించండి. హెడ్‌లైట్లు కూడా అప్పుడే సరిచూసుకోవాలి.

నాగావళి (రాయగడ):
విప్పి కొలిచాను. ఖాళీ పొడవు కుడి వైపు 428, ఎడమ వైపు 426. మీ అంచనాకు దగ్గరగానే ఉంది. ఆర్డరు కాగితం సాలూరు వారు చెప్పినట్టే రాశాను: 267 దగ్గర 920 కిలోలు, గట్టిదనం 80, తీగ 18, కింది చివర పాతదాని ఆకారంలో. బుష్‌లు, బాల్ జాయింట్లు కొత్తవి తెచ్చిపెట్టుకున్నాను. వెనుక కాయిల్ స్ప్రింగుల ప్రశ్న వేరే చర్చగా పెడతాను, అక్కడ అడ్డ రాడ్డు వల్ల ఇరుసు పక్కకు జరిగే చిక్కు కూడా ఉంది.